ఆయాసపు రోగులకు టెలిఫోనుద్వారా వ్యాయామచికిత్స

ఈ పత్రికలో మేము సాధారణముగా విత్తనములనుగూర్చియు, ఎరువులనుగూర్చియు, చీడపీడలనుగూర్చియు వ్రాయుచుందుము. ఈ నెల మనిషి యూపిరినిగూర్చి వ్రాయదలచితిమి. వ్యవసాయ ప్రదర్శకులకు వైద్యముతో నేమి పనియని సభ్యులు కొందఱు నవ్వవచ్చును. కాని కళ్లములో ధాన్యము తూర్పారబట్టు రైతు దగ్గుచు, చేట క్రింద పెట్టి కూలబడినప్పుడు, ఎంత మేలైన వంగడమైనను వానికి ఫలమేమి? సంఘములో పంటఋణము తీసికొని, ఆయాసమువలన పనిచేయలేక, కూలీలను పెట్టుకొను శక్తిలేక, వాయిదా దాటించుకొని, తుదకు భూమిని కౌలున కిచ్చిన సభ్యులను మేమెఱుగుదుము. వారిలో నొకరి విషయమున మేమే తప్పుసలహా చెప్పితిమి. అందుచే నీ వ్యాసము వ్రాయుట మాకు విధియైనది.

ఆ రైతు నాగావళి కాలువక్రింద మూడెకరముల మాగాణియు, ఎకరము మెట్టయు కలవాడు. వయస్సు అఱువది దాటినది. మా ప్రదర్శనములకు తొలుత మడి యిచ్చినవారిలో నొకడు. వరుసనాట్లు వేయుడని మేము చెప్పినప్పుడు ఊరంతయు నవ్వినను, ఆయన త్రాడు చేతబట్టి మాతోకూడ బురదలో దిగెను. అట్టి మనిషి నాలుగేండ్ల క్రిందట నొకనాడు గట్టుమీద చేతికఱ్ఱ నానుకొని నిలిచి, "ఊపిరి సాల్లేదు బాబూ. నాలుగడుగులేస్తే రొమ్ముమీద బస్తా ఎట్టినట్టుంటంది" అనెను. మేము జాలిపడి, "పెద్దయ్యా, ఇక మీరు శ్రమపడవలదు. పొలము కౌలునకిచ్చి యింటిపట్టున కూర్చుండుడు" అని చెప్పితిమి. ఆయన మా మాట వినెను. విత్తనము విషయమున మా మాట విన్నవాడు, దేహము విషయమున నేల వినకుండును?

మఱుసటి యేడు మేము పోవునప్పటికి ఆయన పెరటిలోని నూతివఱకును నడువలేకుండెను. స్నానమునకు పెద్దకుమారుడు చేయి పట్టవలసివచ్చెను. వెనుక దమ్ముచేసిన కాళ్లు జొన్నదంటులవలె సన్నబడియుండెను. రోగము ముదిరినదని యింటివారనుకొనిరి. రోగము కొంత ముదిరియుండవచ్చును. కాని యా కాళ్లను అట్లు సన్నగిలజేసినది రోగమొక్కటియే కాదు, మేము విధించిన విశ్రాంతియుననియని మాకు తరువాత తెలిసినది.

డాక్టర్లు ఈ రోగమును సీ.ఓ.పీ.డీ. యందురు. మన పల్లెలలో ఆయాసమనియు, ఉబ్బసమనియు, పొగదగ్గనియు పలు పేర్లతో పిలుతురు. అసలైన ఉబ్బసమునకును దీనికిని భేదము కలదు. ఉబ్బసము తఱచుగా చిన్నతనముననే మొదలై, వచ్చుచు పోవుచు నుండును. ఇది నడివయస్సు దాటిన పిమ్మట మెల్లగా వచ్చి, పోక నిలుచును. ఊపిరితిత్తులలో గాలి పోవు గొట్టములు చెట్టుకొమ్మలవలె చీలుచు, సన్ననగుచు పోయి, చివర చిన్నచిన్న గాలిబుడగల గుత్తులలో ముగియును. ఏండ్లతరబడి పొగయు ధూళియు తగిలినచో గొట్టముల లోపొర వాచి, గళ్ల పట్టి, దారి ఇఱుకగును; బుడగల గోడలు చిరిగి, సాగి ముడుచుకొను గుణమును కోల్పోవును. అప్పుడు గాలి లోనికి పోవుటకన్న బయటికి వచ్చుట కష్టము. పాతగాలి పూర్తిగా వెడలకముందే క్రొత్తగాలి పీల్చవలసివచ్చుటచే రొమ్ము కుక్కి నింపిన గోనెవలె బిగిసిపోవును. వడిగా నడచినకొలది ఈ బిగువు హెచ్చును. ఆ రైతు చెప్పిన బస్తా మాట కేవలము పోలిక కాదు. లోపల జరుగుచున్నది దాదాపు నదియే.

ఇది పొగత్రాగు మగవారి రోగమేయని తలచుట పొరపాటు. 2016వ సంవత్సరపు లెక్కలనుబట్టి మన దేశమున ఐదుకోట్ల యేబదిలక్షలమంది యీ రోగముచే బాధపడుచుండిరని 2018లో ప్రకటింపబడినది. ఈ రోగమువలన కలిగిన నష్టములో సగమునకు మించి యింటిపొగతోను బయటిపొగతోను చెడిన గాలివలననియు, నాలుగవవంతు పొగాకువలననియు, ఆఱవవంతు పనిచోటి ధూళివలననియు అందు లెక్కగట్టిరి. మన జిల్లాలలో ఈ మూడును కలవు. పొయ్యిలో పిడకలు, కందికంప, సరుగుడుమండలు పెట్టి ఊదుగొట్టముతో నూదుచు నలువదేండ్లు వండిన తల్లులు ఎన్నడును చుట్ట ముట్టకున్నను దగ్గుచున్నారు. నూర్పిళ్లలో వరిదుమ్ము, ధాన్యపుమిల్లులలో ఊకదుమ్ము, జనపనార మిల్లులలో నారధూళి, పలాస ప్రాంతమున జీడిపిక్కల పొగ, గరివిడి చుట్టుప్రక్కల గనులధూళి, ఇవి యన్నియు మనవారు కూలికొఱకు పీల్చినవే.

ఇక చుట్ట సంగతి. నిప్పున్న కొనను నోటిలోపల పెట్టుకొని పీల్చు అడ్డపొగ మన తీరమునకు ప్రసిద్ధిని, అపకీర్తిని గూడ తెచ్చినది. 1960వ దశకమున బొంబాయినుండి వచ్చిన టాటా పరిశోధన సంస్థవారు శ్రీకాకుళము జిల్లాలో పదివేలమందికి పైగా గ్రామస్థుల నోళ్లను పరీక్షింపగా, నూటికి నలువదిమందికి మించి అడ్డపొగ త్రాగుచున్నట్లు తేలెను. స్త్రీలలో ఈ యలవాటు మిక్కిలి ప్రబలము. ఆ పరీక్ష అంగిటిపుండ్లకొఱకు జరిగినది. కాని యా పొగ అంగిటిలోనే నిలిచిపోవునది కాదు. నేటి పడుచువారిలో అడ్డపొగ తగ్గినదని సంతోషింపవచ్చునుగాని, ఆనాడు త్రాగిన తల్లుల ఊపిరితిత్తులు నేడు లెక్క యడుగుచున్నవి.

వంటపొగ విషయమున కొంత మేలు జరిగినది. 2024 నవంబరు 1వ తేదీన మన ఇచ్ఛాపురము మండలములోని ఈదుపురము గ్రామముననే ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడుగారు దీపము-2 పథకమును ప్రారంభించి, అర్హులైన కుటుంబములకు ఏటికి మూడు సిలిండర్లు ఉచితమని ప్రకటించిరి. కాని మేము తిరుగు గ్రామములలో కూర గ్యాసుపొయ్యిమీద నుడుకుచుండగా, స్నానపునీళ్లు, పశువుల కుడితి పెరటిలో కట్టెలపొయ్యిమీదనే కాగుచున్నవి. ఆ పొగయు నదే యింటి గాలిలోనికే వచ్చును.

పాడైన బుడగలు మరల మొలవవు. ఈ మాట ముందే చెప్పుట న్యాయము. పీల్చుమందు గొట్టముల నించుక వదులుచేయును. చుట్ట మానినచో చెడుట మందగించును. లండనులో పనివారిని ఎనిమిదేండ్లు పరీక్షించిన ఫ్లెచర్, పీటో అను నాంగ్లేయులు 1977లో చూపినదేమనగా, పొగ మానినవానికి పోయిన యూపిరి తిరిగి రాదుగాని, అటుపిమ్మట తఱుగుదల పొగత్రాగనివాని తఱుగుదలతో సమానమగునని. ఎప్పుడు మానినను లాభమే. మానలేనివారికి 1800 112 356 అను నంబరునకు ఖర్చులేకుండ ఫోనుచేసినచో సలహా చెప్పువారు కలరు, తెలుగులోను మాటాడుదురు.

మందుకును పొగమానుటకును తోడుగా మూడవ చికిత్స యొకటి కలదు. దాని మాట మన పల్లెలలో నెవరును చెప్పరు. అది వ్యాయామము. ఊపిరి చాలనివానిని నడువుమనుట క్రౌర్యమువలె తోచును. పూర్వము డాక్టర్లును అట్లే తలచి మంచము విధించెడివారు. 1952లో అమెరికాలో బరాచ్ అను వైద్యుడు ఇట్టి రోగులను మెల్లమెల్లగా నడిపించుట మేలని వ్రాసెను. 1960వ దశకమున డెన్వరు నగరమున పెట్టీ అను వైద్యుడు దానినొక క్రమమైన చికిత్సగా నడపి చూపెను. అటుపిమ్మట ఎన్నియో దేశములలో పరీక్షలు జరిగినవి. 2015లో అట్టి 65 పరీక్షలను, వానిలోని 3,822 మంది రోగులను ఒకచోట చేర్చి చూడగా, వ్యాయామము చేసినవారికి ఆయాసము తగ్గుట, నడకదూరము హెచ్చుట, దినచర్య సులభమగుట స్పష్టముగా కనబడెను.

ఊపిరితిత్తులు బాగుపడక మనిషి యెట్లు బాగుపడునని రైతులు మమ్మడిగిరి. దీనికి సమాధానము మన పశువులశాలలోనే యున్నది. ఆఱునెలలు గాటికి కట్టివేసిన యెద్దును ఒక్కసారిగా కాడి కట్టిన నేమగును? రెండు చాళ్లకే నాలుక వెళ్లబెట్టును. దాని యూపిరితిత్తులకు రోగము లేదు, కండ మఱచిపోయినది. పని మఱచిన కండ కొంచెము పనికే ఎక్కువ గాలి నడుగును. ఆయాసపు మనిషియు నట్లే. ఆయాసమునకు జడిసి నడక మానును. నడక మానుటచే కండ కరగును. కరగిన కండ మునుపటికన్న త్వరగా ఆయాసము తెచ్చును. ఇట్లు గానుగయెద్దువలె చుట్టు తిరిగి తిరిగి మంచము చేరును. వ్యాయామము ఈ గానుగను వెనుకకు త్రిప్పును. ఉన్న కొలది గాలితోనే కాలు ఎక్కువ దూరము పోవుట నేర్చుకొనును. యెద్దునకు మొదట ఖాళీకాడి, తరువాత తేలికనాగలి, ఆపైన బండి కట్టునట్లే, మనిషికిని క్రమము కావలెను. ఆ క్రమము చెప్పువారు కావలెను.

చిక్కంతయు నిచ్చటనే యున్నది. ఈ చికిత్సకు ఎనిమిది వారములపాటు వారమునకు రెండుమూడు మారులు ఆసుపత్రికి పోవలెను. దీనిని నేర్పిన ఫిజియోథెరపిస్టులు నగరములలోనే హెచ్చుగా నున్నారు. ఇచ్ఛాపురమునుండి విశాఖపట్నమునకు రెండువందల కిలోమీటర్లకు మించిన దూరము. సీతంపేట కొండలనుండి మొదట క్రిందికి దిగుటయే యొక ప్రయాణము. ఆయాసపు మనిషిని బస్సెక్కించుట, తోడుపోవు కొడుకునకు కూలి పోవుట, పూటకూళ్లు, మందులు, ఇట్టి ప్రయాణము పదునాఱు మారులు చేయగల కుటుంబము మన సభ్యులలో నెన్ని? శ్రీకాకుళమున 2008లో వైద్యకళాశాల వచ్చినది, విజయనగరమున 2023లో వచ్చినది. ఇది గొప్ప మేలు. అయినను వారమునకు రెండుమారులు అచ్చటికి పోవుటయు మెట్టరైతునకు భారమే. ఉద్దానమున మూత్రపిండముల రోగులకు నెత్తురు శుద్ధిచేయు యంత్రములను పల్లెల దాపునకే తెచ్చిరి; 2023 డిసెంబరులో పలాసలో అందులకై పెద్ద ఆసుపత్రియే తెరచిరి. రోగి యంత్రమునొద్దకు రాలేనప్పుడు యంత్రమే రోగికి దగ్గఱకు రావలెనని అందఱు నొప్పుకొనిరి. ఊపిరి వ్యాయామమునకు అంతటి యంత్రము గూడ అక్కఱలేదు. నేర్పువాని మాట వచ్చిన చాలును.

మాట వచ్చిన చాలునా యనుట ఊహ కాదు, పరీక్షింపబడిన విషయము. ఆస్ట్రేలియాదేశపు మెల్బోర్ను నగరమున హాలండు అను విదుషియు, ఆమె తోడివారును 166 మంది రోగులను రెండుపాళ్లు చేసి, ఒకపాలువారిని ఆసుపత్రికి రప్పించిరి. రెండవపాలువారి యింటికి ఒక్కమారు పోయి, వ్యాయామము చూపి, పిమ్మట వారమున కొకమారు చొప్పున ఏడుమారులు టెలిఫోనులో మాత్రము మాటాడిరి. బొమ్మ కనబడు ఫోను గాదు, కేవలము మాట. ఎనిమిది వారముల పిమ్మట చూడగా ఇంటనున్నవారి నడక ఆసుపత్రివారి నడకకు తీసిపోలేదు. 2017లో దీనిని ప్రకటించిరి. మఱల 2021లో వివిధ దేశములలో దూరమునుండి జరిపిన 15 పరీక్షలను, 1,904 మందిని కలిపి చూచిరి. ఫలితములు ఆసుపత్రి చికిత్సతో సమానముగా నున్నవి. అంతకన్న మేలైన సంగతి యొకటి: ఆసుపత్రికి పోయినవారిలో నూటికి 70 మందియే తుదవఱకు నిలువగా, ఇంటనుండి నేర్చినవారిలో 93 మంది నిలిచిరి. ప్రదర్శకులమైన మాకీ యంకె మిక్కిలి రుచించినది. కచేరీలో చెప్పిన పాఠమునకన్న రైతు మడిలో చూపిన పాఠము నిలుచునని మేము ఏండ్లుగా చెప్పుచున్నదే గదా.

మఱల మన రైతునొద్దకు వత్తము. ఆయన చిన్నకుమారుడు విశాఖపట్నమున పనిచేయుచు, తండ్రిని బలవంతముగా ఛాతీడాక్టరునొద్దకు తీసికొనిపోయెను. ఆ డాక్టరు కఫము పరీక్ష చేయించి క్షయ లేదని తేల్చి, గొట్టములో నూదించి రోగము నిశ్చయించి, గుండెను పరీక్షించి, పీల్చుమందిచ్చి, ఒక ఫిజియోథెరపిస్టునకు అప్పగించెను. ఆమె ఒక్కదినము దగ్గఱనుండి నేర్పి, "ఇక తాతగారూ, ప్రతి మంగళవారము నేను ఫోను చేసెదను" అని పంపివేసెను. ఆ మంగళవారపు ఫోనుకు కోడలి సెల్‌ఫోనే ఆధారము. ఇంటిలో సంకేతము సరిగా నందదు గనుక, ఆ వేళకు చింతచెట్టు క్రింద మంచము వేసెడివారు.

మొదటిపని కొలత. ఆఱు నిమిషములలో మనిషి తన యిచ్చవచ్చిన వేగమున నెంతదూరము నడువగలడో చూడవలెను. నడుమ ఆగిన నాగవచ్చును. దీనికి ముప్పది మీటర్ల తిన్ననిదారి కావలెను. మడులు కొలుచు మా టేపు అదృష్టవశమున ముప్పది మీటర్లదే. రెండు కొబ్బరిచెట్ల నడుమ దారి కొలిచి, రెండువైపుల సున్నము గుర్తుపెట్టితిమి. ఆయన ఆఱు నిమిషములలో మూడుమారులు ఆగి 170 మీటర్లు నడచెను. వెనుక పంచెగట్టి ఊరంతయు చుట్టివచ్చిన మనిషి. మేము తలవంచుకొని కాగితమున అంకె వేసితిమి.

రెండవపని ఊపిరి విడుచుట. మేము చదివిన మిషను బడిలో డ్రిల్లు మాష్టరు "ముందు విడువుడు, పిమ్మట పీల్చుడు" అని కేక వేసెడివాడు. దాని యర్థము మాకు ఈ వయస్సున తెలిసినది. ముక్కుతో పీల్చి, పెదవులను సున్నవలె చుట్టి, దీపము నార్పకుండ జ్వాలను మాత్రము వంచునట్లు మెల్లగా నూదవలెను. పీల్చుటకు రెండు లెక్కించిన, విడుచుటకు నాలుగు లెక్కింపవలెను. ఇట్లు చేయుటచే గొట్టములు ముందే మూసికొనిపోక, లోనచిక్కిన గాలి వెడలును. అడుగులతో దీనిని జతచేయవలెను. బరువెత్తునప్పుడును, లేచునప్పుడును విడుచుచు లేవవలెను. మనవారు బిగబట్టి లేతురు, అది తప్పు.

మూడవది నడక. ఆయాసమును సున్నమొదలు పదివఱకు అంకెలతో చెప్పుట ఆమె నేర్పెను. సున్న యన నేమియులేదు. పది యన ఇక నొక్కయడుగు వేయలేను. నడచునప్పుడు ఆయాసము నాలుగునకును ఆఱునకును నడుమ నుండవలెను. రెండే యున్నచో సోమరినడక, ఎనిమిదియైన ఆగవలెను. మాట పూర్తిగా రాకపోయినను ముక్కలుముక్కలుగా రావలెను, అదియే గుర్తు. మొదటివారము ఐదేసి నిమిషములు దినమునకు రెండుమారులు. ప్రతివారము రెండుమూడు నిమిషములు పొడిగింపు. అరగంట నడకయే గమ్యము. దానికితోడు కుర్చీనుండి చేతులూనక లేచి కూర్చుండుట పదిమారులు, నీళ్లు నింపిన అరలీటరు సీసాలు రెండు చేతులతో భుజమువఱకు ఎత్తుట పదిమారులు. ఖర్చు రెండు ఖాళీసీసాలు.

ఊరివారు నవ్విరి. వరుసనాట్లనాడు నవ్విన ఊరే గదా. "ముసలాయన సెట్లకి కావిలి కాస్తన్నాడేటి?" అని త్రోవనుపోవువారు పలుకరించిరి. రెండవవారమున ఆయన సిగ్గుపడి మానివేసెను. మంగళవారము ఫోను రాగా కోడలు నిజము చెప్పెను. నర్సువలె గద్దింపక ఆమె, "తాతగారూ, చీకటిపడినపిమ్మట నడువుడు; నాకు లెక్క చెప్పిన చాలును" అనెనట. ఒక కాగితము చూచి చేయువానికిని, వారమునకొకమారు ఎవరో అడుగుదురని చేయువానికిని గల భేదమిదియే. టెలిఫోనులోని మందు అడుగుటయే.

నాలుగవవారమున ఫోను ప్రాణము కాపాడినదనిన అతిశయోక్తి కాదేమో. ఆయన మాటలాడుచు నడుమ రెండుమారులు ఆగుట విని, ఆమె గళ్ల రంగేమని అడిగెను. మూడుదినములనుండి పచ్చగా, చిక్కగా నున్నదనియు, కాళ్లు వాచలేదనియు, జ్వరము తగిలినదనియు కోడలు చెప్పెను. వెంటనే నడక మాన్పించి, ప్రాథమిక ఆరోగ్యకేంద్రమునకు పంపిరి. అచ్చటి డాక్టరు మందులిచ్చి వారములో నిలువబెట్టెను. మా యెఱుకలో నింతకుముందు ఇట్టి జ్వరములను "వాన తడిసినాడు" అని మిరియాలకషాయముతో సరిపెట్టి, పెదవులు నీలమైన పిమ్మట అర్ధరాత్రి 108 బండికై పరుగెత్తినవారున్నారు.

ఎవరు చేయరాదో చెప్పక విడుచుట తప్పు. రెండువారములకు మించిన దగ్గున్నవారు ముందు కఫము పరీక్ష చేయించుకొనవలెను. ప్రభుత్వ కేంద్రములలో దానికి ఖర్చులేదు. క్షయ యున్నచో దానికి మందు ముందు. క్షయ నయమైన పిమ్మట మిగిలిన ఆయాసమునకు ఈ వ్యాయామము పనికివచ్చును. నడచునప్పుడు రొమ్ములో నొప్పి, తలతిరుగుట, కఫములో నెత్తురు, ఒక్కకాలు వాచుట కలవారును, క్రొత్తగా గుండెపోటు వచ్చినవారును డాక్టరు చూడక మొదలుపెట్టరాదు. వ్రేలికి తగిలించు ఆక్సీమీటరున్నచో మంచిదే. డాక్టరు చెప్పిన అంకెకు దిగిన నాగవలెను. ఈ వ్యాసము చదివి ఎవరంతట వారు పరుగులు పెట్టుట మా యభిప్రాయము కాదు. విత్తనముపై మందు పట్టించుటకే కొలత యున్నప్పుడు, దేహమునకు లేకుండునా?

ఇక మన ఊళ్లలో దీనికి దారి యేమి? దారి సగము వేసియేయున్నది. ఈ-సంజీవని యను పద్ధతిని గ్రామ ఆరోగ్యకేంద్రములలో 2019 నవంబరులో దేశమున మొదట అమలుచేసినది మన ఆంధ్రప్రదేశమే. సీ.హెచ్.ఓ. యని పిలుచు ఆరోగ్యాధికారిణి రోగిని తన యెదుట కూర్చుండబెట్టుకొని, దూరముననున్న డాక్టరుతో తెరమీద మాటాడించును. పీల్చుమందు నెట్లు పీల్చుచున్నారో డాక్టరునకు చూపుటకు ఇంతకన్న మంచి సాధనము లేదు. మేము చూచిన పలువురు మందు గొట్టమును నొక్కి, సగము నాలుకమీదనే పోగొట్టుకొనుచున్నారు. లోపమేమనగా, ఇది ఒక్కమారు చూచి మందు చెప్పుటకు నేర్పడిన దారి. వారమువారము పిలిచి, ఎన్ని నిమిషములు నడచితిరని ఎనిమిది వారములు విడువక అడుగు దారి దీనికి జతపడవలెను. డాక్టరే యడుగనక్కఱలేదు. నేర్చిన ఫిజియోథెరపిస్టు ఒకరు కూర్చున్నచోటనుండియే దినమునకు పలువురిని పలుకరింపగలరు.

అట్టి ఏర్పాటును కోరుచు మన సంఘముల పాలకవర్గములు జిల్లా ఆరోగ్యాధికారులకు తీర్మానములు పంపవచ్చును. అది వచ్చులోపల మనచేతిలోని పనులు కొన్ని కలవు. ప్రతి సంఘమునకు గిడ్డంగి ముందర ఒక వసారాయో కళ్లమో యుండును. అందు ముప్పది మీటర్లు కొలిచి రెండు గుర్తులు, ఒక చేతులులేని కుర్చీ, ఒక గడియారము పెట్టుటకు బడ్జెటు అక్కఱలేదు. సెల్‌ఫోను లేని వృద్ధునకు వారమున కొకమారు గుమాస్తా తన ఫోను అందించుట దానమన రాదు, సభ్యసేవయే. కొండవైపు గ్రామములలో సంకేతమందు చోటు ఏదో పిల్లలందఱకు తెలియును, అచ్చటనే పిలుచుట. 2023లో కేంద్రప్రభుత్వము ప్రాథమిక సహకార సంఘములకు జనౌషధి దుకాణములు పెట్టుకొను వీలు కల్పించినది. పీల్చుమందులు అందు చౌకగా దొరకును. వీలున్న సంఘములు దీనిని ఆలోచింపవలెను. నూర్పిళ్లకాలమున ఆయాసపువారిని కళ్లమునకు గాలివాటు దిక్కున నిలుపకుండుట, తువ్వాలును తడిపి ముక్కునకు కట్టుట ఎవరికిని ఖర్చులేని పనులు. ఆడువారి విషయమున నొకమాట. వ్యాయామమునకు నడువుమనిన మగవాడు నడచును. ఇంటిదానికి వేళ యెవరిత్తురు? అత్తగారు అరగంట నడచునప్పుడు పొయ్యినొద్ద ఇంకొకరు కూర్చుండవలెను. ఈ సంగతి ఇంటి పెద్దలు తేల్చుకొనవలసినది.

ఎనిమిదవవారము చివర మేము మరల టేపు పట్టితిమి. ఆయన ఒక్కమారు మాత్రము ఆగి 235 మీటర్లు నడచెను. ముప్పది మీటర్లు పెరిగిననే రోగికి తేడా తెలియునని ఆ ఫిజియోథెరపిస్టు చెప్పియుండెను. చుట్ట పూర్తిగా మానినాడని వ్రాయుటకు మాకు ధైర్యములేదు; పండుగలనాడు కనబడుచున్నది. అరక పట్టలేడు, బస్తా యెత్తలేడు. మందు పీల్చుచునే యున్నాడు. కాని స్నానమునకు తానే నూతియొద్దకు పోవుచున్నాడు. కౌలునకిచ్చిన మూడెకరములలో ఒకటి వెనుకకు తీసికొని, కొడుకుచేత చేయించుచు గట్టుమీదనుండి చూచుకొనుచున్నాడు. గత ఖరీఫున మేము వరుసనాట్లు చూపుచుండగా, కఱ్ఱలేకయే గట్టువెంట మెల్లగా వచ్చి, నడుమ రెండుచోట్ల నిలిచి పెదవులు చుట్టి ఊది, మా దగ్గఱకు చేరి, "తాడు ఒంకర పోతంది బాబూ" అనెను. చూడగా నిజమే. సరిచేసితిమి.

ఏ సంఘమువారైనను ముప్పది మీటర్ల దారి కొలుచుకొనదలచిన, మా పర్యటనదినమున కబురుచేసినచో టేపుతో వత్తుము.